‘స్టడీలో తేలింది’ అన్నారా? బిజినెస్ స్కూల్ పరిశోధనను చదవడం, సరిచూడడం, మన దగ్గర వాడడం ఎలా

“ఇంటి నుంచి పని చేస్తే ఉత్పాదకత 13 శాతం పెరుగుతుందని స్టాన్‌ఫర్డ్ పరిశోధనలో తేలింది.” ఇలాంటి వాక్యం ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పడగానే ఒకరు దాన్ని మేనేజర్‌కి ఫార్వర్డ్ చేస్తారు. ఇంకొకరు “అది చైనా సంగతి, మన దగ్గర నడవదు” అని కొట్టిపారేస్తారు. ఇద్దరూ అసలు పత్రం తెరిచి చూసి ఉండరు. తెరిస్తే ఇద్దరి వాదనకీ పనికొచ్చే విషయాలు అందులో ఉన్నాయి, ఇద్దరికీ నచ్చని విషయాలూ ఉన్నాయి.

చిన్న ఫ్యాక్టరీయో షాపో నడిపేవాళ్లు, టీమ్ చూసుకునేవాళ్లు, ఎంబీఏ ప్రాజెక్టు కోసం పత్రాలు తిరగేసేవాళ్లు, ప్రభుత్వ పథకాల మీద గట్టిగా వాదించేవాళ్లు చదువుతారని ఇది రాస్తున్నాను. స్టాటిస్టిక్స్ రాకపోయినా ఫర్వాలేదు. ఒక నోట్‌బుక్కు, పత్రానికి రెండు మూడు గంటల ఓపిక ఉంటే చాలు.

ముందు మీ ప్రశ్న రాసుకోండి

గూగుల్ తెరవకముందే, మీకు తెలియాల్సింది ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి. “మేనేజ్‌మెంట్ బాగుపరచడం ఎలా” అన్నది ప్రశ్న కాదు, దానికి ఎవరూ జవాబు చెప్పలేరు. “మెషీన్లు ఆగిన టైమ్ రోజూ రాసి పెడితే ఆగడం తగ్గుతుందా?” అన్నది ప్రశ్న. “వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనికి ఒప్పుకుంటే ఉద్యోగం మానేసేవాళ్లు తగ్గుతారా?” అన్నదీ ప్రశ్నే.

దాని కిందే ఇంకో రెండు లైన్లు రాయండి: జవాబు అవునని వస్తే ఏం చేస్తాను, కాదని వస్తే ఏం చేస్తాను. రెండింటికీ ఒకే పని చేసేట్టయితే పరిశోధన వెతకడం దండగ. మీరు ముందే నిర్ణయించేసుకున్నారు, మీటింగులో చూపించడానికి ఒక పేపర్ కావాలి, అంతే. చాలా కంపెనీల్లో జరిగేది ఇదేనని నా అనుమానం.

అసలు పత్రం పట్టుకోండి

వార్తలో రచయిత పేరో యూనివర్సిటీ పేరో ఉంటుంది. ఆ పేరు, విషయం కలిపి గూగుల్ స్కాలర్‌లో వెతకండి. జర్నల్ వెబ్‌సైట్ డబ్బు అడిగితే వెనక్కి రండి. ఫలితం కింద ‘ఆల్ వెర్షన్స్’ అని ఉంటుంది, అక్కడ నొక్కితే ఉచిత పీడీఎఫ్ చాలాసార్లు దొరుకుతుంది. ఆర్థికశాస్త్రం, మేనేజ్‌మెంట్ రంగాల్లో పత్రాన్ని ముందు వర్కింగ్ పేపర్‌గా బయటపెట్టే అలవాటు ఉంది. ఎన్‌బీఈఆర్, ఎస్ఎస్ఆర్ఎన్ సైట్లలోనూ, రచయితల సొంత పేజీల్లోనూ అవి ఉంటాయి. వర్కింగ్ పేపర్‌లోని అంకెలు తుది ప్రచురణలో మారొచ్చు, తుదిదే తీసుకోండి.

చేతికొచ్చింది పరిశోధన పత్రమేనా అన్నది కూడా చూడాలి. బిజినెస్ స్కూళ్ల నుంచి మూడు నాలుగు రకాల కాగితాలు వస్తాయి, పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. హార్వర్డ్ బిజినెస్ రివ్యూ మేనేజర్ల కోసం నడిచే పత్రిక. అందులో వ్యాసం బాగుండొచ్చు, కానీ రాసిందెవరో తెలియకుండా సాటి పరిశోధకులు పరీక్షించి ఒప్పుకున్నాకే అచ్చేసే జర్నల్ కాదది. కన్సల్టింగ్ కంపెనీ రిపోర్టు అయితే చివరి పేజీలో ఏదో ఒక సర్వీసు అమ్మకానికి ఉంటుంది. ఇక కేస్ స్టడీ. ఎంబీఏ చదివినవాళ్లు దీన్ని సాక్ష్యంగా చూపిస్తుంటారు. హార్వర్డ్ కేసుల మొదటి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక గమనిక ఉంటుంది: ఇది తరగతిలో చర్చ కోసమే, దీన్ని మంచి మేనేజ్‌మెంట్‌కో చెడ్డ మేనేజ్‌మెంట్‌కో ఉదాహరణగా ఉద్దేశించలేదు, ప్రాథమిక సమాచారానికి ఆధారంగానూ ఉద్దేశించలేదు అని. రాసినవాళ్లే అంత స్పష్టంగా చెప్పాక మనం దాన్ని రుజువుగా వాడడం బాగోదు.

పత్రం తెరిచాక వరసగా చదవకండి. సారాంశం చదివి, ఎవరి మీద పరిశోధన చేశారో చెప్పే మొదటి పట్టికకు వెళ్లండి. తర్వాత పద్ధతి, ముఖ్య ఫలితం, చివర్లో పరిమితులు. మధ్యలో సమీకరణాలు వస్తే దాటేయండి.

ఎవరిని ఎవరితో పోల్చారు?

మిగతావన్నీ మర్చిపోయినా ఈ ఒక్క ప్రశ్న అడిగితే సగం పని అయినట్టే.

మొదట్లో చెప్పిన 13 శాతం సంగతే తీసుకుందాం. అది షాంఘైలో సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ కాల్ సెంటర్‌లో, 2010 డిసెంబర్ నుంచి 2011 ఆగస్టు వరకు తొమ్మిది నెలలు జరిగిన ప్రయోగం. ఇంటి నుంచి పని చేస్తారా అని అడిగితే సగం మంది ముందుకొచ్చారు. వాళ్లలో కనీసం ఆరు నెలలు పనిచేసినవాళ్లు, ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్, విడిగా ఒక గది ఉన్నవాళ్లు 249 మంది తేలారు. పుట్టినరోజు సరి తేదీన ఉన్నవాళ్లను వారానికి నాలుగు రోజులు ఇంటికి పంపారు, బేసి తేదీ వాళ్లను ఆఫీసులోనే ఉంచారు.

ఈ పుట్టినరోజు ఏర్పాటే ప్రయోగానికి ప్రాణం. పుట్టిన తేదీకీ పనితనానికీ సంబంధం ఉండదు. కాబట్టి రెండు గుంపుల మధ్య తేడా వస్తే అది పనిచేసే చోటు వల్లే వచ్చిందని ధైర్యంగా అనొచ్చు. అలా కాకుండా ఇల్లు కావాలని అడిగినవాళ్లందరినీ పంపించి, అడగనివాళ్లతో పోల్చి ఉంటే? అడిగినవాళ్లు దూరం నుంచి వచ్చేవాళ్లు కావచ్చు, ఇంట్లో పిల్లలున్నవాళ్లు కావచ్చు, బాస్ నిఘా లేకుండానే బాగా పనిచేసే రకం కావచ్చు. అప్పుడు మనం కొలిచేది ఇంటి ప్రభావమో మనుషుల తేడానో తెలియదు.

పుస్తకాల షాపుల్లో దొరికే మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో చాలావాటికి ఈ పరీక్ష గండమే. 2001లో వచ్చి ప్రపంచమంతా అమ్ముడైన ఒక పుస్తకం, చాలా ఏళ్లు షేర్ మార్కెట్‌లో దూసుకెళ్లిన 11 అమెరికన్ కంపెనీలను ఎంచుకుని, వాటి గొప్పతనానికి కారణాలు వివరించింది. ఆ పదకొండులో ఎలక్ట్రానిక్స్ షాపుల కంపెనీ సర్క్యూట్ సిటీ ఒకటి. 2008 నవంబర్‌లో అది దివాలా పిటిషన్ వేసింది. ఇంకొకటి ఇళ్ల రుణాల సంస్థ ఫానీ మే. అంతకు రెండు నెలల ముందే దాన్ని అమెరికా ప్రభుత్వం తన అజమాయిషీలోకి తీసుకుంది. గెలిచినవాళ్లను ముందే ఏరుకుని “వీళ్లు ఏం చేశారు?” అని అడిగితే, అదే పని చేసి ఓడిపోయినవాళ్లు లెక్కలోకే రారు.

దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. లాభాల్లో ఉన్న కంపెనీ గురించి ఎవరినడిగినా “అక్కడ నాయకత్వం బ్రహ్మాండం, టీమ్‌వర్క్ సూపర్” అంటారు. నష్టాలు రాగానే అదే బాస్ మొండివాడు, అదే టీమ్ క్రమశిక్షణ లేనిది అయిపోతుంది. ఆర్థికవేత్తలు నికొలస్ బ్లూమ్, జాన్ వాన్ రీనన్ మొదలుపెట్టిన ప్రపంచ మేనేజ్‌మెంట్ సర్వే ఈ చిక్కును తెలివిగా దాటింది. ఫ్యాక్టరీ మేనేజర్లకు ఫోన్ చేసి మాట్లాడించారు, 18 పద్ధతులకు 1 నుంచి 5 దాకా మార్కులు వేశారు. మార్కులు పడుతున్నాయని మేనేజర్‌కి చెప్పలేదు. కంపెనీ లాభాల్లో ఉందో నష్టాల్లో ఉందో ఫోన్ చేసేవాళ్లకూ చెప్పలేదు. మీరు చదివే పత్రంలో “మేనేజర్లను అడిగి తెలుసుకున్నాం” అని ఉంటే, వాళ్లకు ఫలితం ముందే తెలుసా అని చూడండి.

ఇలా లాటరీలా గుంపులు విడదీయడం అన్నిచోట్లా కుదరదు. రాష్ట్రమంతటికీ వర్తించే చట్టాన్ని సగం మందికే పెట్టలేం కదా. అప్పుడు పక్కవాళ్లతో పోలుస్తారు. 1992 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీ కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కు పెంచింది, పక్కనే ఉన్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ రెండు వైపులా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ షాపుల్లో, పెంపుకు ముందూ తర్వాతా ఉద్యోగాలు లెక్కపెట్టారు. వేతనం పెంచిన వైపు ఉద్యోగాలు తగ్గలేదని తేలింది. దాని మీద ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి కొట్లాడుకున్నారు. 2021లో కార్డ్‌కి నోబెల్ వచ్చింది. ఇలాంటి పత్రంలో మీరు చూడాల్సింది, మార్పుకు ముందు ఆ రెండు ప్రాంతాలూ ఒకే దారిలో నడుస్తున్నాయా అన్నది. ముందే వేర్వేరు దారుల్లో ఉంటే పోలిక నిలవదు.

అంకెను విప్పి చూడండి

13 శాతాన్ని విప్పితే, అందులో 9 శాతం షిఫ్టులో ఎక్కువ నిమిషాలు పనిచేయడం వల్ల వచ్చింది. అంటే బ్రేకులు తగ్గాయి, సిక్ లీవులు తగ్గాయి. మిగతా 4 శాతం నిమిషానికి ఎక్కువ కాల్స్ తీసుకోవడం వల్ల. ఉద్యోగం మానేసేవాళ్లు సగానికి తగ్గారు. మరోపక్క అంతే పనితనం చూపించినా ఇంటి నుంచి పనిచేసినవాళ్లకు ప్రమోషన్లు తగ్గాయి. ప్రయోగం అయ్యాక ఎవరికి నచ్చింది వాళ్లు ఎంచుకోమంటే సగానికి పైగా తమ ఏర్పాటు మార్చుకున్నారు. ఎవరికి ఏది సరిపడుతుందో వాళ్లే తెలుసుకుని ఎంచుకున్నాక పనితీరులో పెరుగుదల 22 శాతానికి చేరింది. మేనేజర్‌కి ఫార్వర్డ్ చేసిన మెసేజ్‌లో ఇదేదీ లేదు. నా మటుకు నాకు ఆ 13 కన్నా ఈ ప్రమోషన్ల సంగతే ముఖ్యం.

శాతానికీ శాతం పాయింట్లకూ తేడా గమనించండి. మన దేశంలో 100 టెక్ స్టార్టప్‌ల వ్యవస్థాపకుల మీద జరిగిన ఒక ప్రయోగం 2019లో స్ట్రాటజిక్ మేనేజ్‌మెంట్ జర్నల్‌లో వచ్చింది. ఎవరు ఎవరికి సలహా ఇవ్వాలో లాటరీ వేసి జతపరిచారు. క్రమం తప్పని మీటింగులు, స్పష్టమైన లక్ష్యాలు, ఉద్యోగులకు తరచూ ఫీడ్‌బ్యాక్ ఉండే తోటి వ్యవస్థాపకుడి నుంచి సలహా పొందినవాళ్ల కంపెనీలు, అలాంటి పద్ధతులు లేనివాళ్ల సలహా పొందిన కంపెనీలకన్నా రెండేళ్లకు 28 శాతం పెద్దవయ్యాయి, మూతపడే అవకాశం 10 శాతం పాయింట్లు తగ్గింది. ఉదాహరణకు నూటికి 30 మూతపడేచోట 20 మూతపడితే తగ్గింది 10 పాయింట్లు, శాతంలో చెబితే 33. ఒకే విషయాన్ని ఎవరి అవసరం కొద్దీ వాళ్లు చిన్నగానో పెద్దగానో చూపించొచ్చు.

పట్టికల్లో ప్రతి అంకె కింద బ్రాకెట్లలో ఇంకో చిన్న అంకె ఉంటుంది. సాధారణంగా అది స్టాండర్డ్ ఎర్రర్, అంటే పై అంకె ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే కొలత అయి ఉంటుంది, పట్టిక కింది గమనికలో సరిచూసుకోండి. దాన్ని రెట్టింపు చేసి, పై అంకెకు కలిపి ఒకసారి, తీసేసి ఒకసారి చూడండి. అసలు ప్రభావం ఇంచుమించు ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. ప్రభావం 8, బ్రాకెట్‌లో 5 ఉంటే లెక్క మైనస్ 2 నుంచి 18 దాకా సాగుతుంది. అలాంటి ఫలితం మీద పెట్టుబడి పెట్టకండి.

ఎవరు చేశారు, ఇంకా నిలబడి ఉందా?

సీట్రిప్ పత్రం రచయితల్లో జేమ్స్ లియాంగ్ ఒకరు. ఆయన ఆ కంపెనీ సహ వ్యవస్థాపకుడు. అంతమాత్రాన ఫలితం తప్పని కాదు, ఆ సంగతి దాచిపెట్టనూ లేదు. గుంపులను పుట్టిన తేదీ నిర్ణయించింది, కాల్స్‌ను కంప్యూటర్ లెక్కపెట్టింది, వేలు పెట్టడానికి సందు తక్కువ. కానీ డబ్బు ఎవరిచ్చారు, డేటా ఎవరి చేతిలో ఉంది అన్నవి నోట్‌బుక్కులో రాసుకోండి.

తర్వాత ఆ పత్రాన్ని ఎవరైనా మళ్లీ చేసి చూశారా అని వెతకండి. ఫారం చివర్లో కాకుండా పైనే సంతకం పెట్టిస్తే జనం నిజం చెబుతారని 2012లో ఒక ప్రముఖ సైన్స్ జర్నల్‌లో పత్రం వచ్చింది. వినడానికి ఎంత బాగుందో. ఫారాలు మార్చడానికి ఖర్చు కూడా లేదు. 2020లో ఆ రచయితలే మరికొందరితో కలిసి మళ్లీ ప్రయత్నిస్తే ఆ ప్రభావం కనిపించలేదు. మరుసటి ఏడాది, మొదటి పత్రంలోని కార్ల ఇన్సూరెన్స్ డేటా కల్పితమని బయటపడి, పత్రాన్నే వెనక్కి తీసుకున్నారు. పత్రం పేరు పక్కన ఇంగ్లిష్‌లో రిట్రాక్షన్ అని చేర్చి ఒకసారి, రెప్లికేషన్ అని చేర్చి ఒకసారి వెతకడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఎంత తేలిగ్గా, ఎంత ముచ్చటగా ఉండే ఫలితమైతే అంత శ్రద్ధగా వెతకండి.

ఇంటి నుంచి పని విషయంలో ఇలా వెతికితే, అదే కంపెనీ 1,612 మంది మీద చేసిన మరో ప్రయోగం దొరుకుతుంది. 2024లో నేచర్‌లో వచ్చింది. ఈసారి కాల్ సెంటర్ వాళ్లు కాదు, ఇంజినీర్లు, మార్కెటింగ్, ఫైనాన్స్ వాళ్లు. వారానికి రెండు రోజులే ఇల్లు. ఉద్యోగం మానేసేవాళ్లు మూడో వంతు తగ్గారు, పనితీరు రివ్యూల్లో తేడా లేదు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్‌గా ఉన్నవాళ్లు మేనేజర్‌కి పంపాల్సింది దీన్ని, ఆ 13 శాతాన్ని కాదు.

ప్రభుత్వ విధానం గురించైతే ఇంకొంచెం ఆగి చదవండి

ఇక్కడ ఉదాహరణకు దూరం వెళ్లక్కర్లేదు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో మరో ఇద్దరితో కలిసి మైక్రోఫైనాన్స్‌ను, అంటే పేదలకిచ్చే చిన్న అప్పులను, పరీక్షించింది హైదరాబాద్‌లోనే. 104 బస్తీలను తీసుకుని లాటరీ వేసి సగం బస్తీల్లో ఆ అప్పులిచ్చే స్పందన సంస్థ శాఖలు తెరిచింది. 15 నుంచి 18 నెలల తర్వాత చూస్తే, అప్పటికే చిన్న వ్యాపారం ఉన్నవాళ్ల లాభాలు పెరిగాయి. అదీ ప్రధానంగా బాగా నడుస్తున్న వ్యాపారాల్లో. ఇంటికి వస్తువులు కొనుక్కోవడం పెరిగింది. మొత్తం మీద ఇంటి ఖర్చు మాత్రం చెప్పుకోదగ్గంత పెరగలేదు. ఆరోగ్యం, చదువు, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటు విషయాల్లో మార్పు కనిపించలేదు. చిన్న అప్పులతో పేదరికం పోతుందన్న ప్రచారం మీద ఈ ఫలితం చన్నీళ్లు చల్లింది.

2010 అక్టోబర్‌లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ సంస్థల మీద ఆర్డినెన్స్ తెచ్చింది. బలవంతపు వసూళ్ల మీద, ఆత్మహత్యల మీద ఆ రోజుల్లో వచ్చిన వార్తలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. రాష్ట్రంలో ఈ అప్పుల వ్యాపారం ఆగిపోయింది. ఇక్కడ ఎక్కువ అప్పులిచ్చిన సంస్థలు డబ్బు లేక, వేరే రాష్ట్రాల్లోనూ అప్పులు ఇవ్వడం తగ్గించుకున్నాయి. ఆర్థికవేత్తలు ఎమిలీ బ్రెజా, సింథియా కినన్ ఆ సంగతినే పట్టుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌కు బయట, ఆ సంస్థల మీద ఎక్కువగా ఆధారపడిన జిల్లాలను మిగతా జిల్లాలతో పోల్చారు. అప్పులు తగ్గిన జిల్లాల్లో రోజు కూలీ రేట్లు పడిపోయాయి, ఇళ్లలో ఖర్చు తగ్గింది. 2021లో ఆ పత్రం అచ్చయింది. కినన్ హైదరాబాద్ పత్రం రచయితల్లోనూ ఉన్నారు.

మరి ఏది నమ్మాలి? ఒకటేమో మైక్రోఫైనాన్స్ వస్తే పెద్దగా ఒరిగేదేమీ లేదంటోంది, ఇంకొకటి అది పోతే కూలీ తగ్గుతుందంటోంది. జాగ్రత్తగా చూస్తే రెండూ వేర్వేరు ప్రశ్నలు. మొదటిది, ఒకే నగరంలో ఈ బస్తీకి అప్పు అందుబాటులోకి వచ్చి పక్క బస్తీకి రాకపోతే తేడా ఏమిటని అడిగింది. రెండు బస్తీల వాళ్లూ అదే నగరంలో కూలికి వెళ్తారు, అదే మార్కెట్లో కొంటారు. కాబట్టి కూలీ రేట్ల మీద ప్రభావం ఉన్నా ఆ పోలికలో బయటపడదు. రెండోది, జిల్లా మొత్తంలో అప్పు ఒక్కసారిగా ఎండిపోతే ఏమవుతుందని అడిగింది. అప్పు తీసుకోని కూలీకి కూడా దెబ్బ తగిలేది అక్కడే. పైగా కొత్తగా మొదలుపెట్టడం, అలవాటైనదాన్ని హఠాత్తుగా ఆపడం ఒకదానికొకటి తిరగేసినట్టు ఉండవు.

పథకాల మీద పత్రం చదివేటప్పుడు ఈ మూడు గుర్తుపెట్టుకుంటే తొందరపాటు తీర్మానాలు తప్పుతాయి: ప్రయోగం ఎంత మందిపై జరిగింది, అదే అందరికీ పెడితే ధరలూ కూలీ రేట్లూ మారతాయా, సగటు వెనక ఎవరు లాభపడ్డారు ఎవరు పడలేదు. టీవీ చర్చలో ఇవి అడిగేవాళ్లు లేరు, మీరైనా అడగండి.

మనకు అతుకుతుందా?

ఇప్పుడు మన దేశపు ఫ్యాక్టరీల్లో జరిగిన ప్రయోగం చూద్దాం. స్టాన్‌ఫర్డ్, ప్రపంచ బ్యాంకు పరిశోధకులు 2008లో ముంబై దగ్గరి బట్టల మిల్లుల్లో మొదలుపెట్టారు. అన్నీ కుటుంబాల చేతిలో ఉన్నవే, వంద నుంచి వెయ్యి మంది దాకా పనివాళ్లు. ఫ్లోర్ మీద చెత్త, లేబుల్ లేకుండా కుప్పపోసిన నూలు ఫొటోలు పత్రంలోనే ఉన్నాయి, చూసి తీరాలి. కొన్ని మిల్లులకు యాక్సెంచర్ కన్సల్టెంట్లను ఉచితంగా నెలల తరబడి పంపారు. డామేజీ ఏ రకంగా వచ్చిందో రోజూ రాయడం, దాని మీద రోజూ కలిసి మాట్లాడుకోవడం, మెషీన్ ఆగితే కారణం రాయడం, స్టాకు లెక్క ఉంచడం లాంటి 38 పద్ధతులు. మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. మూడేళ్లలో ఆ కంపెనీలు కొత్త యూనిట్లు కూడా తెరిచాయి.

ఇంత లాభముంటే ఓనర్లు ముందే ఎందుకు చేయలేదు? కొన్ని పద్ధతుల గురించి వాళ్లకు అసలు తెలియదు. తెలిసినవి తమకు అక్కర్లేదనుకున్నారు. డామేజీ పక్క మిల్లులో ఎంతో తమ దగ్గరా అంతే, లాభాలొస్తున్నాయి, ఇంకేం కావాలి అన్న ధోరణి. మన వైపు కూడా ఈ మాట వినని వ్యాపారం ఉండదేమో.

మీకు అతుకుతుందో లేదో చూసుకోవడానికి పత్రం మొదటి పట్టికను మీ లెక్కలతో పక్కపక్కన రాయండి: పనివాళ్ల సంఖ్య, ఎవరు నడుపుతారు, ఏం తయారు చేస్తారు, పోటీ ఎలా ఉంది. ఆ ప్రయోగానికి అడిగిన 66 కంపెనీల్లో ఒప్పుకున్నవి 17. ఒప్పుకున్నవాళ్లు మారడానికి కాస్త సిద్ధంగా ఉన్నవాళ్లే అయ్యుండొచ్చు. కన్సల్టెంటుకు డబ్బు వాళ్లు కట్టలేదు, మీరైతే కట్టాలి. మీకు పన్నెండు మంది పనివాళ్లుంటే 38 పద్ధతులు అవసరం లేదు. డామేజీ రిజిస్టర్, స్టాకు లెక్క చాలు.

మీ దగ్గర చిన్నగా చేసి చూడండి

ఎంత మంచి పత్రమైనా మీ షాపులో ఏం జరుగుతుందో అది చెప్పలేదు. అందుకని ఒక్క మార్పు తీసుకుని కొలవండి.

కొలిచేది ఒకే అంకెగా ఉండాలి, దాన్ని మొదలుపెట్టకముందే నిర్ణయించుకోవాలి. మార్పు చేయకముందు కనీసం నాలుగు వారాలు ఆ అంకె రాసి పెట్టండి. ఘోరంగా సాగిన నెల మర్నాడే మొదలుపెట్టకండి. ఘోరమైన నెల తర్వాత వచ్చేది ఏమీ చేయకపోయినా కాస్త మెరుగ్గానే ఉంటుంది, ఆ క్రెడిట్ మీ కొత్త పద్ధతి కొట్టేస్తుంది.

షాపులో అయితే ఏ వారం మార్పు ఉండాలో, ఏ వారం ఉండకూడదో నాణెం ఎగరేసి తేల్చండి. ఫ్యాక్టరీలో అయితే ఏ లైన్‌లో మార్పు పెట్టాలో చీటీలు తీసి తేల్చండి. బాగా చేసే సూపర్‌వైజర్‌కే కొత్త పద్ధతి ఇవ్వాలనిపిస్తుంది, ఇచ్చారంటే ఏమీ తెలియదు. ఎన్ని వారాలు చేస్తారో, ఏ అంకె వస్తే కొనసాగిస్తారో, ఏది వస్తే ఆపేస్తారో ముందే రాసి సంతకం పెట్టుకోండి. జీతాలకో షిఫ్టులకో సంబంధించిందైతే పనివాళ్లకు చెప్పి చేయండి. చాటుగా చేస్తే లెక్క బాగా వచ్చినా నమ్మకం పోతుంది.

ఒక ఉదాహరణ. బట్టల షాపువాళ్లు ఆషాఢంలో డిస్కౌంట్ పెడతారు. అమ్మకం పెరుగుతుంది, అందరూ సంతోషిస్తారు. కానీ శ్రావణంలో పెళ్లిళ్లకో వరలక్ష్మీ వ్రతానికో పూర్తి ధరకు కొనాల్సిన చీరను నెల ముందే తక్కువ ధరకు కొనుక్కుపోయినవాళ్లు అందులో ఎంతమంది? ఆషాఢం ఒక్కటే చూస్తే ఇది దొరకదు. ఆషాఢ, శ్రావణాలు రెండూ కలిపి, అమ్మకం కాదు, మిగిలిన లాభం లెక్కేయాలి. నిరుడు జులైతో ఈ జులైని పోల్చినా తప్పే. 2023లో అధిక శ్రావణం వచ్చి పెళ్లిళ్ల కొనుగోళ్లు నెల ఆలస్యమయ్యాయి. ఆ ఏడాది అంకెలను ఇంగ్లిష్ నెలల ప్రకారం పోల్చుకున్నవాళ్లు లేని నష్టానికి టెన్షన్ పడి ఉంటారు, రాని లాభానికి మురిసిపోయి ఉంటారు. రెండు బ్రాంచీలుంటే ఒకదాంట్లో డిస్కౌంట్ పెట్టి, ఇంకోదాంట్లో మానేసి, తిథుల ప్రకారమే రెండింటినీ చూడండి. అయితే రెండూ ఒకే ఊళ్లో దగ్గరదగ్గరగా ఉంటే కస్టమర్లు అటు నుంచి ఇటు వచ్చేస్తారు, పోలిక చెడుతుంది.

పని చేసిందనుకోండి, దాన్ని ఎవరు చూసుకుంటారు?

ముంబై మిల్లులకు అదే పరిశోధకులు 2017లో మళ్లీ వెళ్లారు. ప్రయోగం జరిగిన యూనిట్లలో అమలుచేసిన పద్ధతుల్లో దాదాపు సగం ఆగిపోయి ఉన్నాయి. అయినా కన్సల్టెంట్లు పద్ధతులు అమలుచేయించిన మిల్లులకూ పోలిక కోసం ఉంచిన మిల్లులకూ మధ్య తేడా గట్టిగానే ఉంది. ఒకే ఓనర్ కింద ఉన్న వేరే యూనిట్లకు చాలా పద్ధతులు పాకాయి, పక్క కంపెనీలకు మాత్రం పెద్దగా పాకలేదు. ఎందుకు ఆగిపోయాయని అడిగితే ఎక్కువగా వినిపించిన కారణాల్లో రెండు ఇవి: ఆ పని చూసే మేనేజర్ మానేశాడు, ఓనర్‌కు తీరిక లేకపోయింది.

కాబట్టి కొత్త రిజిస్టర్ మొదలుపెట్టిన రోజే దాన్ని రాసే మనిషి పేరు, ఆ మనిషి సెలవులో ఉంటే రాసే రెండో మనిషి పేరు అట్ట మీద రాయండి. వారంలో ఒక రోజు, ఒక పావుగంట, ఓనర్ స్వయంగా ఆ రిజిస్టర్ తెరిచి ప్రశ్న అడగాలి. ఎవరూ అడగని లెక్కను నెల తిరిగేసరికి అందాజాగా నింపేస్తారు. రాసే మనిషి ఉద్యోగం మానేస్తున్నట్టు చెబితే, ఆఖరి నెల జీతం లెక్క చూసేలోపు రెండో మనిషి పక్కన కూర్చుని ఒక వారం రాయాలి. ఆరు నెలలకొక తేదీ క్యాలెండర్‌లో పెట్టుకుని, ఆ రోజు మొదటి పేజీలో రాసుకున్న ప్రశ్నకు ఇప్పటి అంకెతో జవాబు రాయండి. ఆ అంకె ఇంక దేనికీ పనికిరావడం లేదనిపిస్తే రిజిస్టర్ మూసేసి ఇంకో ప్రశ్న తీసుకోండి.